భీమప్ప చూపించని గొర్రెలు

భీమప్ప ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాడు. నాడి చూద్దామని వైద్యుడు చెయ్యి పట్టుకుంటే, వెండి కడియం మీద కన్ను పడిందేమోనని వెనక్కి లాక్కునే రకం. అనుభవించినవాడి అనుమానాన్ని తప్పుపట్టడం మనకు తేలిక. తాండూరు దగ్గరి వాళ్ళ ఊరు జాగీరు కింద ఉన్న రోజుల్లో, మేతపన్ను వసూలుకు వచ్చినవాళ్ళు గొర్రెలను లెక్కబెట్టేవాళ్ళు. లెక్క అయ్యాక మందలో మంచి పొట్టేలును కూడా తోలుకుపోయేవాళ్ళు. అందుకని జాగీరు మనుషులు వస్తున్నారని తెలియగానే, భీమప్పలాంటి గొర్రెకాపర్లంతా బలిసిన గొర్రెలను గుట్టకు తోలి, బక్కవాటిని దొడ్లో ఉంచేవాళ్ళు.

1948లో నిజాం రాజ్యం పోయింది. మరుసటేడు జాగీర్లు పోయాయి. కొన్నేళ్ళకు తాండూరు గుల్బర్గాను వదిలి హైదరాబాదు జిల్లాలో చేరింది. ఆ తర్వాత పంచాయతీ సమితి వచ్చింది. ఇక పల్లెలకు అదే పెద్దదిక్కన్నారు. భీమప్ప అన్నీ విన్నాడు.

"పేర్లు మస్తు మారినయ్. లెక్కబెట్టే చెయ్యి మారలే" అన్నాడు.

అరవై ఒకటి ఎండాకాలం చివర, సమితి పశువుల డాక్టరు గొర్రెలకు సూదులు వేయడానికి వస్తున్నాడని ఊళ్ళో దండోరా వేశారు. తొలకరి గడ్డి మేశాక వచ్చే చిటుకు రోగం ఆ సూదితో రాదట. పైసా తీసుకోరట. ఆ మాటతోనే భీమప్పకు అనుమానం ముదిరింది.

భార్య బుగ్గమ్మకు మాత్రం వేయించాలనే ఉంది. పెళ్ళయి వచ్చేటప్పుడు తల్లి ఆమె వెంట ఒక గొర్రెను తోలింది. వాళ్ళ కులంలో అట్లా వచ్చిన గొర్రె సంతతి ఆడమనిషి సొంతం. అది పెరిగి పెరిగి మందలో ఇంకో మంద అయింది. బుగ్గమ్మ నాదని చెప్పుకోగలిగింది అదొక్కటే.

"నా గొర్లకన్న ఏపియ్యి" అంది.

"పిచ్చిదానా, సూది సాకు. లెక్కే అసలు పని. నీవి మంచిగ బలిసినయ్, ముందుగాల వాటి మీదనే కన్ను పడ్తది. గుట్టకు కొట్టుకపో."

ఆమె గొణుక్కుంటూనే తోలుకుపోయింది. భీమప్ప బక్కవాటికి సూదులు వేయించాడు. ఎన్ని గొర్రెలని డాక్టరు అడగగానే, అనుకున్నట్టే అయిందని లోలోపల మురిసిపోయాడు.

వానలు పడ్డాయి. పన్ను అడగడానికి ఎవరూ రాలేదు. చిటుకు రోగం వచ్చింది. బక్కవి మేస్తూనే ఉన్నాయి. బుగ్గమ్మ గొర్రెలు ఒక్కొక్కటే ఎగిరిపడి, కాళ్ళు కొట్టుకుని చచ్చిపోయాయి. వాటిని పూడ్చడానికి భీమప్ప గుట్ట కింద బొంద తవ్వాడు. బుగ్గమ్మ ఒక్కొక్కదాన్నే లెక్కబెట్టి బొందలోకి దించింది. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

మరుసటి ఏడు భీమప్పే తాండూరుకు నడిచి వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చాడు. మందనంతా దొడ్లో నిలబెట్టాడు. డాక్టరు చూసి నవ్వాడు.

"గింతేనా? మీ సంగతి నాకు తెల్వదా భీమప్పా. మంచియి యాడ దాచినవ్?"

ఒట్టు వేద్దామని భీమప్ప నోరు తెరిచాడు. అంతలో దడి అవతల నిలబడ్డ బుగ్గమ్మే చెప్పింది.

"గుట్ట కింద దాచిండు సారు. అన్ని నావే."