పైకి చదివించిన పేర్లు

మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో ఎవరో చెత్తతోపాటు పాత టైరు తగలబెట్టారు. ఆ వాసనకు తెలంగాణ ఉద్యమం రోజుల నాటి ఒక బంద్, యాదగిరి సార్ గుర్తొచ్చారు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పైనున్న మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆయన సీనియర్, నల్గొండ మనిషి. నేను గుంటూరు నుంచి వచ్చి, పక్క సందులో హాస్టల్లో ఉంటూ కొత్తగా చేరినదాన్ని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

ఒక ఆస్పత్రి కోసం చేస్తున్న ప్రోగ్రాములో పనికిరాని పాత ఫైళ్లు తీసేయమన్నారు. నా కంప్యూటర్లో శుభ్రంగా తుడిచేశాను. అందరి పనినీ భద్రపరిచే సర్వర్‌కు కూడా ఆ సంగతి చెప్పాలని తెలియదు. అక్కణ్ణుంచి కొత్త ప్రతి తెచ్చుకున్నప్పుడల్లా చచ్చిన ఫైళ్లన్నీ లేచి కూర్చునేవి. రెండు రోజులు తీసిందే తీశాను. మూడోరోజు సాయంత్రానికి కాకపోతే ఇక రానక్కర్లేదని మేనేజరు మెత్తగానే చెప్పాడు. ఆ మూడోరోజే బంద్.

సార్‌కు ఫోన్ చేయడానికి భయపడ్డాను. ఆయన ఎల్బీనగర్‌లో దీక్షా శిబిరంలో ఉన్నారు, నేనేమో అవతలి ప్రాంతందాన్ని. అయినా చేశాను. బస్సులు లేవు, ఎండలో నడిచే వచ్చారు. మెడలో కండువా అలాగే ఉంది. నేను నీళ్లు నములుతుంటే, "లొల్లి సర్కారుతోని, నీతోని కాదమ్మా. జర జరుగు" అన్నారు.

నల్లటి తెరమీద ఒక్క వరుస కొట్టారు. నేను తుడిచిన ఫైళ్లన్నీ, పక్కన ఆశ్చర్యార్థకం గుర్తుతో, బారులు తీరాయి. ఈ పేర్లనే ఏరి తొలగించే కమాండ్‌కు అందిస్తే సర్వర్లోంచి కూడా ఒక్క దెబ్బకు పోతాయన్నారు. రెండు రోజుల నా ఏడుపు ఒక్క వరుసలో తీరిపోతుందంటే నోరెళ్లబెట్టాను. ఆత్రంగా కీబోర్డు మీదికి చేయి చాస్తే ఆపేశారు.

"ముందుగాల పేర్లు చదువు. పైకి చదువు."

రెండువందల పైచిలుకు పేర్లు. పాఠం అప్పజెప్పినట్టు చదువుకుంటూ పోయాను. సగం దాటాక ఒక పేరు దగ్గర ఆగాను. ఏ రోగికి ఏ మందు పడదో డాక్టరుకు చూపించే ఫైలు అది. పాతవాటితోపాటు దాన్నీ తుడిచేశాను. "సార్, ఇది ఉండాలి" అన్నాను. ఆయన తల ఊపి, దాన్ని వెనక్కి తెప్పించి, మిగతావి నాతోనే తీయించారు. మర్నాడు మేనేజరుతో, "ఆమెనే పట్టుకున్నది" అని తన పనిలో పడిపోయారు. నా ఉద్యోగం నిలిచింది.

చాలా ఏళ్లు నేనే పట్టుకున్నానని నమ్మాను. తర్వాతెప్పుడో సర్వర్లో ఏ ఫైలు ఎవరు రాశారో చెప్పే పాత వివరాలు తిరగేస్తుంటే తెలిసింది, ఆ ఫైలు రాసింది ఆయనేనని. జాబితా తెరమీద పడగానే ఆయన చూసే ఉంటారు. అయినా నేను దాని దగ్గరికి చేరేదాకా పెదవి విప్పలేదు. ఇప్పుడు నా పక్కన కొత్తవాళ్లు కూర్చుని, తీసేయబోయే ఫైళ్ల పేర్లు పైకి చదువుతుంటారు. తప్పు నా కంట పడుతుంది. వాళ్లే చూడాలని పళ్ల బిగువున ఆగుతాను. పది పేర్లు కూడా దాటకముందే చెప్పేస్తాను.