వీరన్నకు అప్పగించిన సభ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, కరోనా తగ్గిన ఏడాది, భద్రాచలం అవతల ఒక అటవీ మండలానికి పంచాయతీ అధికారిగా నన్ను బదిలీ చేశారు. ఖమ్మంలో, ఖానాపురం హవేలీలో కొత్తింట్లో దిగి నెల కూడా కాలేదు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, బదిలీ ఏదో నేనే అడిగి తెచ్చుకున్నట్టు.

గ్రామసభలు పద్ధతి ప్రకారం జరిగేలా చూడటం నా పనుల్లో ఒకటి. గిరిజన ప్రాంతాల్లో ఆ సభకు బలం ఎక్కువ. ఊళ్లో ఏ పని తలపెట్టినా సభ ఒప్పుకోవాలి. ఓటర్లలో మూడోవంతు రాకపోతే సభ చెల్లదు; దాన్నే కోరం అంటాం. తీర్మానాలను చేతులెత్తి ఆమోదిస్తారు.

ఒకరోజు ముత్తమ్మ అనే రైతు ఆఫీసుకు వచ్చింది. చిన్న పత్తి చేను తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

"సారూ, నా చేను నడిమికెల్లి రోడ్డు ఏస్తరంట. సభల అడుగుదమంటే సభనే లేదాయె" అంది.

ఎందుకు లేదని అడిగాను. ఇకపై పనులన్నీ సర్పంచి వీరన్నే నిర్ణయించాలని, ప్రతిదానికీ ఊరిని పిలవనక్కర్లేదని కిందటేడు సభే తీర్మానం చేసిందట.

"మరి అప్పుడు నువ్వు చెయ్యి ఎత్తలేదా?"

"అవ్ సారూ, అందరికంటే ముందుగాల నేనే ఎత్తిన. బోరు ఏయించిండు, కరెంటు తెచ్చిండు. మంచోడే గదా అనుకున్న."

ఇది నాకు వింతగా తోచింది. వెనక బెదిరింపు ఏదో ఉండే ఉంటుందనుకుని ఊరికి వెళ్లాను. మచ్చుకైనా కనబడలేదు. వీరన్న కుర్చీ వేసి టీ ఇప్పించాడు.

"నేనడగలే సార్. పత్తి ఏరుడు ఇడిసిపెట్టి మీటింగుకు ఎవలొస్తరు? నువ్వే చూసుకో అని వాళ్లే అన్నరు" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. కూలి పోతుందని జనం రావడం మానేశారు. కోరం లేక పనులు ఆగిపోయాయి. పనులు కావాలి కాబట్టి సభనే పక్కన పెట్టారు. దౌర్జన్యం చేసినవాడెవడైనా దొరికి ఉంటే నా పని తేలికయ్యేది!

సభ తన అధికారాన్ని ఇంకొకరికి అప్పగించడం చట్టప్రకారం చెల్లదని వీరన్నకు వివరించాను. రోడ్డును చేను గట్టు పక్కకు మళ్లించవచ్చని ముత్తమ్మ అంటున్న సంగతీ చెప్పాను. అతను వాదించలేదు. "గట్లయితే సభ పెడదాం తీయండి" అన్నాడు.

సభ రోజు ఊరంతా కదిలి వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి పిలిచింది వీరన్నే. పాత తీర్మానాన్ని రద్దు చేసే తీర్మానం చదివి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాను. ఎవరూ ఎత్తలేదు. అందరూ వీరన్న వైపు చూశారు. ముత్తమ్మ చెయ్యి కూడా భుజం దాకా లేచి ఆగిపోయింది. ఆమె చేను ఈ చేతుల మీదే ఆధారపడి ఉంది.

వీరన్న నవ్వి, "ఎత్తుండ్రి, సార్ చెప్పింది కరెక్టే" అంటూ తన చెయ్యెత్తాడు. ఆ వెంటనే అన్ని చేతులూ లేచాయి. రోడ్డు మళ్లింపు తీర్మానానికీ అంతే జరిగింది. చేను దక్కింది. ముత్తమ్మ నేరుగా అతని దగ్గరికి వెళ్లి, "నీ దయ వీరన్నా" అని దండం పెట్టింది.

నియమాల ప్రకారం ఆ సభలో వేలెత్తి చూపడానికేమీ లేదు. కోరం ఉంది, తీర్మానాలు ఏకగ్రీవం. ఊరి అధికారం ఊరికి తిరిగొచ్చింది, వీరన్న సరేనన్నాడు కాబట్టి. అతను కాదని ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత విరమణ దాకా నేను వెళ్లిన ప్రతి సభలోనూ సర్పంచిని అందరికంటే చివర చెయ్యెత్తమనేవాణ్ని.