నాన్న ట్రాక్టర్ మీది బానెట్

నాన్న వదిలివెళ్లిన పాత ట్రాక్టర్‌కు విడి సామాను తేవాలంటే మోడల్ ఖాయంగా తెలియాలన్నాడు మెకానిక్ బాషా. బానెట్ మీద రాసుంది కదా అన్నాను. అయినా నమ్మక, ఏటేటా ఆయుధపూజకు మేం ఇంజనుకు పూసిన రంగు పొరలన్నీ ఈ రోజు గీకి, కింద ఇంజను మీద చెక్కి ఉన్న నంబరు చదివాడు.

"బానెట్టు పెద్ద మోడల్‌దప్పా. బండి చిన్నది."

నాన్నకు ఎవరో అంటగట్టి మోసం చేశారని మండిపడ్డాను. అరుగు మీద కూర్చున్న అమ్మ నెమ్మదిగా అంది.

"ఎవురూ మోసం చేయలేదు. మీ నాయనే మార్చినాడు. సండూరు దావలో ట్రాక్టర్ బోల్తాపడి మీ చిన్నాయన పోయినాడే, ఆ బండి బానెట్టు అది. ఎవురడిగినా ఆ పేరే చెప్పేవాడు."

అసలు బానెట్ వెతికి తెస్తానన్నాడు బాషా. వద్దన్నాను. చిన్న మోడల్ సామానే తెమ్మన్నాను. ఎవరైనా అడిగితే మాత్రం, నాన్నలాగే, బానెట్ మీది పేరే చెబుతాను. అది అబద్ధమంటారా?