మబ్బు రోజున రెండు చెరువులు

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశాను. ఆ రోజు నుంచే సైన్సు చకచకా ముందుకు సాగిందని మా మాస్టారు ఊరంతా చెప్పుకున్నారు. అడ్డు తొలగింది మరి.

కొన్నేళ్లు తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు మోసి, ఆ తర్వాత కొల్లేరు పక్కన మా వదినగారు సాగుచేసే చేపల చెరువుల పనికి వచ్చాను. అన్నయ్య లారీ మీద ఉంటాడు, చెరువుల మంచిచెడ్డలన్నీ ఆవిడవే. చెరువులు రెండు, మధ్యలో ఒక గట్టు. రెండింట్లోనూ ఒకే రోజు పోసిన చేపపిల్ల.

మా దగ్గర చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, నీళ్లలో పాతిన కర్రలకు కడతారు. చేపలు చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. నేను వచ్చిన మొదటి వానాకాలం, మబ్బు పట్టిన ఒక ఉదయం చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. పాపం ఆకలి అనుకుని, దోనె వేసుకుని వెళ్లి ఇంకో పది సంచులు కట్టాను. మర్నాడు గట్టు వెంబడి తెల్లటి పొట్టలే. మబ్బు రోజున నీళ్లలో గాలి తగ్గిపోతుందట, అవి నోరు తెరిచింది దానికోసం. అన్నం పెట్టి చంపిన ఘనత ఆ చుట్టుపక్కల నా ఒక్కడిదే.

మిగిలిపోయిన తవుడు కుళ్లి, నీళ్లలో ఉన్న కాస్త గాలినీ మింగేస్తుందేమోనని అప్పటినుంచీ నాకు అనుమానం. ఈ ఏడు మబ్బు పట్టగానే బయటపెట్టాను.

"మబ్బు రోజుల్లో మేత ఆపేద్దామండీ వదినగారూ."

"పస్తు పెడితే పెరుగుతాయాండీ? మీకు పూట దాటితే ఇల్లు పీకి పందిరేస్తారు."

"ఒక్క చెరువుకే ఆపుదామండీ. రెండోదానికి మామూలే. తేడా కళ్లముందే తెలుస్తుంది."

"తెలిసేలోపు చస్తేనో? ఈ పంట పోతే మళ్లీ పిల్ల పొయ్యడానికి నా దగ్గరేం లేదు."

సైన్సులో అసలు కష్టం ఇదేనని నా నమ్మకం. ప్రశ్న వేసేది ఒకరు, చెరువు పణం పెట్టేది ఇంకొకరు. ఆవిడ గట్టు మీద చాలాసేపు నిలబడి, "రెండు రోజులు. నీళ్లు చిమ్మే ఇంజను మాత్రం సిద్ధంగా ఉంచండి" అన్నారు.

రెండో రోజు తెల్లారేసరికి మేత ఆపిన చెరువులో అక్కడొకటి ఇక్కడొకటి పైకి తేలి నోరు తెరిచాయి. మేత కట్టిన దాంట్లో చెరువంతా నోళ్లే. పరుగెత్తి ఇంజను వేసి, నీళ్లలో గాలి కలిసేలా చిమ్మించాం. వదినగారు స్వయంగా దోనె ఎక్కి సంచులు విప్పేశారు. చేపలు నిలబడ్డాయి.

ఆ రోజంతా నన్ను పట్టేవాళ్లు లేరు. మబ్బు రోజున మేత బంద్, ఇదే సూత్రమని భీమడోలు దాకా చాటించాను. సాయంత్రం గట్టు మీద కూడా అదే పాట అందుకుంటే, వదినగారు తడి సంచి పిండుతూ అన్నారు:

"మీరు మేత ఆపింది పడమటి చెరువుకి. ఈ రెండు రోజులూ గాలి కొట్టి అలలు లేచింది దాంట్లోనే, గట్టు అడ్డమై ఇటు రాలేదు. మళ్లీ మబ్బేసినప్పుడు ఈ తూర్పుదానికి ఆపి దానికి కట్టండి. చేపలు మీ మాట విన్నాయో, గాలి మాట విన్నాయో అప్పుడు చాటిద్దురుగాని."