పన్నెండు తూటాలూ, నేను మార్చిన దారాలూ

మొన్న శనివారం నుంచీ ఐనవిల్లి కాలవగట్టు మీదుగా వెళ్ళాల్సొస్తే చుట్టు తిరిగి వెళ్తున్నాను. ఎందుకో చెబుతాను గానీ, నవ్వితే మాత్రం మధ్యలో ఆపేస్తాను.

మా పెదనాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు. గోదావరి లంకలో పందులు చేలు తవ్వేస్తున్నాయని లైసెన్సు తీసుకున్న ఒంటిగొట్టం తుపాకి ఒకటుంది ఆయనకి. ఇంతవరకూ దానికి ఒక్క పందీ పడలేదు. అసలాయనకి పందులకన్నా తూటాలంటే ఇష్టం. పేలిపోయిన ఖాళీ తూటాలు దాచుకుని, వాటిలో మళ్ళీ మందూ, సీసపు గుళ్ళూ స్వయంగా కూరుకుంటారు. ఆ సమయంలో ఆయన దగ్గర తుమ్మడానికి కూడా పర్మిషన్ అడగాలి.

ఇన్నాళ్ళూ పాతకాలపు నల్ల తుపాకి మందే వాడేరు. ఈమధ్య కాకినాడ షాపులో లైసెన్సు చూపించి, పొగలేని మందని కొత్త డబ్బా ఒకటి తెచ్చేరు. మునసబుగారేమో నల్ల మందుని మించింది లేదంటారు. మునసబు ఉద్యోగాలు తీసేసి ఏడాదైనా ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఇద్దరూ కలిసి ఓ పరీక్ష పెట్టుకున్నారు. మునసబుగారి కొబ్బరితోటలో అరటిబోదెకి పాత పేపరు చుట్టి, ఆ మందుతో ఆరు, ఈ మందుతో ఆరు తూటాలు పేల్చాలి. గుళ్ళు ఏ మందుతో ఎక్కువ లోతుకి దిగితే అది నెగ్గినట్టు.

మందు కొలవడానికి పెదనాన్నగారికి రెండు చిన్న ఇత్తడి గిన్నెలున్నాయి. నల్ల మందు గిన్నెకి తెల్ల దారం, కొత్త మందు గిన్నెకి ఎర్ర దారం. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి గానీ, పట్టే కొలతలు వేరు. "కళ్ళు మూసుకున్నా నాకు కొలత తప్పదమ్మా" అని శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర అన్నారు. అనకుండా ఉండాల్సింది. శనివారం పొద్దున్న ఆయన స్నానానికి వెళ్ళగానే నేను దారాలు విప్పి, అటుది ఇటు, ఇటుది అటు కట్టేసేను. ఆయన తికమకపడి గిన్నెలు తిప్పితిప్పి చూస్తుంటే కాసేపు నవ్వుకుని, నిజం చెప్పేద్దామని నా ప్లాను.

ఈలోగా టైలరు నుంచి కబురొచ్చింది, జాకెట్టు కొలతల్లో ఏదో తేడా వచ్చిందని. వెళ్ళేను. కొలతల గురించి అతనికి అరగంట క్లాసు పీకి తిరిగొచ్చేసరికి పెదనాన్నగారు లేరు.

"మునసబుగారి స్కూటరు మీద తోటకెళ్ళేరు. పన్నెండు తూటాలూ కూరేసుకునే వెళ్ళేరులే" అంది పెద్దమ్మ. "ఇదిగో, ఆ కొత్త డబ్బాతో వచ్చిన కాగితం. అంతా ఇంగ్లీషు. పనికొచ్చేదైతే దాస్తాను, లేకపోతే పొయ్యిలో పెడతాను. చూడు."

చూసేను. మధ్యలో ఎర్రక్షరాలు. నల్ల మందు కొలతతో ఈ మందు ఎట్టి పరిస్థితుల్లోనూ కొలవరాదు, గొట్టం పగిలి పేల్చినవారికి ప్రాణాపాయం.

రెండోసారి చదివేను. ఎర్రక్షరాలు మారలేదు.

"ఏమిటే, అలా తెల్లబోయేవు?"

"పొయ్యిలో పెట్టకు పెద్దమ్మా" అన్నాను. కాగితం ఆవిడ చేతిలో పెట్టి వీధిలోకి పరిగెత్తేను.

పెదనాన్నగారి బారు సైకిలు ఎక్కేను. మూడు మైళ్ళు. పరికిణీ రెండుసార్లు గొలుసులో పడింది. రెండోసారి విప్పే ఓపిక లేక చింపేసేను. తుపాకి పేల్చేటప్పుడు ఆయన చెంప గొట్టం వెనక కర్రకి ఆనించి, ఎడంకన్ను మూస్తారు. ఆ తెరిచిన కుడికన్నే దారంతా నాకు కనిపిస్తోంది. ఎక్కడో చప్పుడైతే సైకిలు దిగిపోయేను. కొబ్బరికాయ పడింది, అంతే.

తోటలో ఇద్దరూ ఐనవిల్లి కాలవ పక్కన కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. పెదనాన్నగారికి రెండు కళ్ళూ ఉన్నాయి. తుపాకి ఇంకా ఒళ్ళోనే ఉంది.

"పెదనాన్నగారండీ, ఒక్క మాట" అన్నాను రొప్పుతూ.

"చెబుదువుగానిలేమ్మా. ముందు కాస్త ఊపిరి తీసుకో."

"బొండం కొట్టించమంటారా అమ్మాయిగారూ? లేతదా, కొంచెం కండ పట్టిందా?" అన్నారు మునసబుగారు.

"వద్దండి."

"అలా అనకూడదండి. మా తోటకొచ్చి ఊరికే వెళ్తారా?"

బొండం వచ్చింది. మర్యాదకి తాగేను. తాగుతూ పెదనాన్నగారికి కళ్ళతో సైగ చేసేను. "కంట్లో నలుసు పడిందా?" అన్నారాయన. మునసబుగారి ఎదురుగా, మీరు కూరిన తూటాలు తప్పండీ అని ఎలా అనను? ఆ లెక్కల మాస్టారి పరువు సంగతి ఊరంతటికీ తెలుసు.

"మాస్టారూ, కొలత ఎక్కడైనా తేడా పడలేదు కదండీ?" అన్నారు మునసబుగారు నవ్వుతూ.

"ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పేనండి" అంటూ పెదనాన్నగారు లేచి తూటా పెట్టడానికి తుపాకిని మధ్యకి మడిచేరు. తూటాల పెట్టెలోకి చెయ్యి పోనిచ్చేరు.

ఇంక మర్యాద ఆగలేదు. పెట్టె లాక్కుని కాలవలోకి విసిరేసేను. బుడుంగుమని మునిగింది. నీటి మీద బుడగలు లేస్తుంటే ముగ్గురం వాటినే చూస్తూ నిలబడ్డాం.

తర్వాత ఏడుస్తూ అంతా చెప్పేను. దారాలూ, కాగితం, ఎర్రక్షరాలూ.

పెదనాన్నగారు తుపాకిని మెల్లిగా కుర్చీకి ఆనించేరు. "గిన్నెలతో ఎవరు కొలిచేరమ్మా? రెండు మందుల్ని పోల్చి చూసేటప్పుడు దేని తూకం దానికి వెయ్యాలి గానీ గిన్నెడు, అరగిన్నెడు అంటే కుదురుతుందా? పొద్దున్నే కంసాలి దగ్గర్నుంచి త్రాసు తెప్పించేను. ఆ కాగితం నాకు కంఠతా వచ్చు."

"మరి దారాలు..."

"గదిలోకి రాగానే చూసేను. నేను వేసేది పీటముడి. నువ్వు జడరిబ్బనులా పువ్వు ముడి వేసేవు. తుపాకి మందుతో పరాచికాలేమిటని సాయంత్రం పిలిచి కేకలేద్దామనుకున్నాను. ఇప్పుడింక వెయ్యబుద్ధి కావటం లేదు."

కేకలేసినా బాగుండేది.

మునసబుగారు చాలాసేపు మర్యాదగా నవ్వు ఆపుకున్నారు. చివరికి గొంతు సవరించుకుని, "ఇంతకీ మాస్టారూ, ఏ మందు నెగ్గినట్టండీ?" అన్నారు.

పెదనాన్నగారు కాలవకేసి చూసేరు. "రెండూ సమానమేనండి. ఒకే వేగంతో మునిగేయి."

నేనూ వాటి వెనకే మునిగి దాక్కుందామనుకున్నాను. కానీ అక్కడ కాలవ మోకాటిలోతు. దాక్కోవాలంటే పడుకోవాలి.