దూది తడిసేదాకా

ఈ ఉదయం ఇస్త్రీ పెట్టె కింద నూలు లుంగీ అంచు మాడింది. ఆ వాసనకి సూర్రావు మావ గుర్తొచ్చాడు. పెట్టె తీసి పక్కన పెట్టాను.

ఆయన నాకు రక్తసంబంధీకుడు కాడు. మా తాతలూ వాళ్ళ తాతలూ ఒకే ఓడలో బర్మాలోని అహ్లోన్ రేవుకి కూలికొచ్చారట, అందుకని మావ. వయసులో ఉండగా ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో మోటార్లకు రాగితీగ చుట్టేవాడు. తర్వాత తాకేటాలో బస్సు స్టాపు వెనక వేప్‌లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. వేప్ అంటే సిగరెట్టుకు బదులు పీల్చే బ్యాటరీ గొట్టం. దాని ట్యాంకులో రుచీ వాసనా కలిపిన ద్రవం, నడుమ దూది చుట్టిన సన్నని తీగచుట్ట ఉంటాయి. ఆ చుట్టే కాయిల్.

సైన్యం అధికారం తీసుకున్న ఏడాది నేను పనిచేసే కుట్టు కంపెనీ మూతపడింది. నాతో గదిలో ఉన్న ఇద్దరూ తమ ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఇంటర్నెట్టు లేదు, వీధుల్లో తుపాకులు, మాట్లాడడానికి గోడలు. అప్పుడు మావ తన దుకాణంలో పనికి రమ్మన్నాడు.

మంచి సరుకు రావడం ఆగిపోయింది. వచ్చినవన్నీ నకిలీ కాయిళ్ళు. రెండు రోజులకే రుచి పోయిందని జనం తెచ్చేవారు. నేను వెంటనే కొత్తది బిగించబోతే మావ చెయ్యి పట్టుకున్నాడు.

"తొందరపడి మార్చీకు గుంటా. ముందు అడుగున సూడు, మురికి పట్టినాదేమో. తుడు. ఆనక దూది తడిసినాదో నేదో సూడు. దానికీ దాహమేస్తాది. పది నిమిషాలు తాగనియ్యి."

ఒక వారంలో మూడు కాయిళ్ళు మాడ్చుకున్న బర్మా మేష్టారొకాయన వచ్చాడు. అందరూ ఆయన్ని సాయా, అంటే గురువుగారు, అనేవారు. మావ కరెంటు తగ్గించి చూశాడు, చిక్కటి ద్రవం తీసి పల్చటిది పోశాడు. మర్నాడు సాయా మళ్ళీ మాడిన కాయిలుతో వచ్చాడు. మావ ఆయన్ని కూర్చోబెట్టి, ఎంతసేపటికోసారి పీలుస్తున్నారని బర్మా భాషలో నెమ్మదిగా అడిగాడు. సాయా వేప్‌ని బల్లమీద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత చెప్పాడు: "మా అబ్బాయి ఇన్సేన్ జైల్లో ఉన్నాడు. ఇంట్లో ఒక్కణ్ణే. చేతిలోంచి దీన్ని దించితే ఏం చెయ్యాలో తోచదు."

విరామం లేకుండా పీలిస్తే దూది తడవదు, ఎంత మంచి కాయిలైనా మాడుతుంది. ఆ సంగతి మావ ఆయనకి చెప్పలేదు. రోజూ పొద్దున్న ఇక్కడికి వచ్చి టీ తాగమన్నాడు. సాయా వచ్చేవాడు. పత్రిక చదివి వెళ్ళేవాడు. మావ ఆ రోజు బిగించిన కొత్త కాయిలు మూడు వారాలు నిలిచింది.

వానాకాలంలో జబ్బు ఊరంతా తిరిగింది. మావ పది రోజులు కనబడలేదు, చిక్కిపోయి తిరిగొచ్చాడు. కొన్నాళ్ళకి ఒక ట్యాంకు పీల్చి చూసి, "ఇది బాగున్నాది, ఇచ్చీ" అన్నాడు. దుకాణమంతా మాడు కంపు.

"మావా, అది మాడిపోనాది."

ఆయన ట్యాంకు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "వాసన తెలవడం నేదే. మూడు వారాలయినాది."

"సెప్పనేదేటి?"

"ఎవులికి సెప్పాల? ఇంట్లో అన్నం మాడినా పొగ కళ్ళకి తగిలితే గానీ తెలవదు."

వచ్చిన ప్రతివాణ్ణీ పది ప్రశ్నలడిగే నేను, పక్కనే కూర్చున్న మనిషిని ఒక్కటీ అడగలేదు. సిగ్గేసింది. మర్నాటినుంచి అన్నం దుకాణంలోనే వండేదాన్ని, ఇద్దరం తినేవాళ్ళం. ట్యాంకుల వాసన నేను చూసేదాన్ని. "ఏటి వాసనొస్తంది?" అని అడిగేవాడు. మామిడి అంటే, "ఏ మామిడి? పచ్చిదా, పండా?" అని కళ్ళు మూసుకుని వినేవాడు.

ఏడాది గడిచింది. వాసన తిరిగి రాలేదు, గుండె కూడా నీరసించింది. మౌల్మీన్ ఊళ్ళో ఉన్న ఆయన చెల్లెలు వచ్చి తీసుకుపోయింది. బస్సెక్కేటప్పుడు తాళాలు నా చేతిలో పెట్టి, "సాయాకి టీలో పంచదార తగ్గించు" అన్నాడు. అంతే. కొన్ని నెలలు ఫోన్లు వచ్చాయి. తర్వాత ఆయన పోయాడని చెల్లెలి ఫోను వచ్చింది. ఆ వారం దారిలో కాల్పులు జరుగుతున్నాయని బస్సులు ఆపేశారు. నేను వెళ్ళలేకపోయాను. ఆ రోజు సాయా, నేను దుకాణం మూసి లోపల కూర్చున్నాం.

ఇప్పుడు దుకాణం నాది. రుచి పోయిందని ఎవరైనా వస్తే అడుగు తుడుస్తాను, దూది తడిసేదాకా ఆగుతాను. ఆగినంతసేపూ, ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతాను. కొందరు చిరాకు పడతారు. కొందరు చెప్పడం మొదలుపెడితే పది నిమిషాలు చాలవు. ఆ మాట నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ తిరిగి అడగలేదు. అయినా అడగడం మానలేదు.