బియ్యం పళ్లెం ముందు టీచరమ్మ

ఆ రోజుల్లో నాకు ఢిల్లీ చలి అంటే భయం ఉండేది కాదు, తెలుగు అక్షరమంటేనే భయం. ఇప్పుడీ మాట చెబితే మా అమ్మాయే నమ్మదు. పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని పేపరు చివరి పేజీ దాకా వదలని మనిషి, ముప్పై దాటేవరకు తన పేరు కూడా చదవలేకపోయిందంటే ఎవరు నమ్ముతారు? (తమ్ముళ్లను చంకనెత్తుకుని తిప్పడంతోనే నా బడి వయసు గడిచిపోయింది. తమ్ముళ్లు మాత్రం బాగా చదువుకున్నారు.) మా ఆయన ఆర్మీలో హవల్దారు. శ్రీకాకుళం వైపు నుంచి ఆయన వెంట ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్స్‌కి వచ్చాను.

అప్పటికే ఢిల్లీలోని ద్వారక పేటలో ఒక అపార్ట్‌మెంట్ల సొసైటీ వాళ్లు పిల్లలకు ఆదివారం తెలుగు బడి పెట్టారు. మొదట ఎవరింట్లోనో చాపలు పరిచారట. పిల్లలు సోఫాల మీద గెంతుతున్నారని ఆ ఇంటావిడ దండం పెడితే బడి బేస్‌మెంటుకి దిగింది, అక్కడ కార్ల హారన్లు పడలేక కమ్యూనిటీ హాలుకి ఎక్కింది. సమోసాలున్న వారం నిండుగా, పరీక్షలున్న వారం ఖాళీగా ఉండేది. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్లలు. ఒకసారి మా ఆయనతో అక్కడికి వెళ్లి, ఏడుస్తున్న ఒక పాపకి నక్క కథ చెప్పాను. చుట్టూ గుంపు చేరింది. బడి నడిపే రిటైర్డు ఆఫీసరు గారు (ఎప్పుడూ మెడలో కెమెరా వేలాడేది కాబట్టి అందరికీ కెమెరా అంకుల్) "అమ్మా, ఇంత తేట తెలుగు మాకెక్కడ దొరుకుతుంది! ఇక మీరే మా టీచరమ్మ" అనేశారు. బోర్డు మీద అక్షరాలు వేరే ఆవిడ రాసేది, కథలూ పాటలూ నావి. చదువు వచ్చా అని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ మహానగరంలో నన్ను 'మీరు' అనే చోటు అదొక్కటే. అది పోతే నాకు మిగిలేది వంటింటి కిటికీ.

అలా సాగుతుండగా వసంత పంచమి వచ్చిపడింది. ఆ రోజు పిల్లలందరికీ సామూహిక అక్షరాభ్యాసమన్నారు. ఇంటి పెద్దలు పిల్లల చెయ్యి పట్టి బియ్యంలో రాయించాలి కదా, ఇక్కడ తాతలూ బామ్మలూ ఏరీ? "ఆ స్థానంలో టీచర్లే కూర్చోవాలి. మొదటి పళ్లెం మీకే! మీ చేత్తో మొదలైతే పిల్లలకి మీ తెలుగే వస్తుంది" అన్నారు అంకుల్. నా గుండె జారిపోయింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వారు. "దానికేటే అంత బెంగ? బియ్యంలో ఏదో తిప్పీ. ఎవుడికి కనబడతాది?" కనబడుతుందట! ఫొటోలో అక్షరం పడాలని అంకుల్ పళ్లెంలో ఎర్రగుడ్డ వేయించి, దాని మీద బియ్యం పల్చగా పరిపిస్తున్నారని ముందే తెలిసింది. ఆ వారమంతా అన్నానికి బియ్యం కడుగుతుంటే ఆ ఎర్రగుడ్డే కళ్లముందు ఆడేది.

చివరికి పంచమి ఉదయం మా ఆయన పెట్టెలోంచి క్రేప్ బ్యాండేజీ తీసి, కుడి చెయ్యి మోచేతి దాకా చుట్టేసుకున్నాను. "బెణికింది" అన్నాను. అంకుల్ "అయ్యయ్యో" అంటూ బోర్డు ఆవిడని పిలవబోయారు. ఊపిరి పీల్చుకున్నాను. సరిగ్గా అప్పుడే, బల్ల అంచున పెట్టిన పులిహోర గిన్నె జారింది. ఇన్ని ఇళ్ల వాళ్లకి వండిన పులిహోర! నా ఒళ్లు నన్ను అడగలేదు. ఒక్క ఉరుకులో రెండు చేతులా పట్టుకుని, ఎత్తి బల్ల మధ్యలో పెట్టేశాను. హాలంతా నా చెయ్యే చూస్తోంది. "అచ్ఛా! తగ్గిపోయిందే! సరస్వతీదేవి మహిమ!" అన్నారు అంకుల్. (ఆయన నిజంగానే నమ్మారు.)

పళ్లెం ముందు కూలబడ్డాను. ఎదురుగా పసుపుపచ్చ స్వెట్టర్లో బబ్లీ, ఆరేళ్ల పిల్ల, నక్క కథకి ఏడుపు ఆపింది ఈ పిల్లే. చెయ్యి పట్టుకున్నాను. ఎటు కదపాలో తెలియక అక్కడే ఆపేశాను.

"ఆంటీ, డర్ లగ్ రహా హై?" అంది గుసగుసగా, భయమేస్తోందా అని.

"నాకు రాయడం రాదమ్మా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మా ఆయనకి తప్ప ఢిల్లీలో ఎవరికీ చెప్పని మాట.

బబ్లీ నా దగ్గరికి వంగింది. "ముఝే ఆతా హై. ఆప్ బస్ పకడ్‌కే రఖో." తనకి వచ్చట, నేను ఊరికే పట్టుకుంటే చాలట.

పట్టుకున్నాను. కింద ఆ చిన్న వేలు కదిలింది, పైన నా చెయ్యి దాని వెంటే పోయింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. గుండ్రంగా తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఫ్లాష్ మెరిసింది. తెరిచి చూస్తే ఎర్రగుడ్డ మీద చక్కని 'అ'. "ఏం ఒడుపు!" అన్నారు అంకుల్.

"ఏం నేర్చుకున్నావురా కన్నా?" అంది బబ్లీ వాళ్లమ్మ వంగి.

"ఆంటీకి నేనే నేర్పాను" అంది ఆ పిల్ల, హాలంతా వినబడేలా.

నా ప్రాణం పోయింది. కానీ వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటోంది. "విన్నారా! మొదటిసారి తెలుగులో మాట్లాడింది!" అందరూ చప్పట్లు కొట్టారు. ఏం చెప్పిందో ఎవరికీ పట్టలేదు.

మరుసటి ఆదివారం నుంచి 'పిల్లల అల్లరి అదుపు చెయ్యడానికి' ముందు వరసలో, బబ్లీ పక్కన కూర్చున్నాను. నేను అక్షరం తప్పుగా రాస్తే తను మోచేత్తో పొడిచేది.

ఆ ఫొటో చాలాకాలం హాలు గోడ మీద ఉంది. పసుపుపచ్చ స్వెట్టర్లో బబ్లీ, సగం ఊడిన బ్యాండేజీ, కళ్లు మూసుకున్న నేను. అది భక్తి అనుకున్నారు అందరూ. కింద అంకుల్ ఏదో రాశారు. అదేమిటో నా అంతట నేను కూడబలుక్కుని చదవడానికి మరో వసంత పంచమి రావలసి వచ్చింది. 'గురువు, శిష్యురాలు' అని ఉంది. ఎవరు ఎవరో రాయలేదు. చదివి, చుట్టూ ఎవరూ లేరు కదా అని చూసుకుని, నవ్వుకున్నాను.